కోయని ఎడమ చెవి

మారుతి బండి లేపాక్షి దాటి చిలమత్తూరు దారిలో పడింది. వెనక సీట్లోంచి ‘మే’ అని వినిపించింది. పోయిన వారం కథను మనం అక్కడ వదిలాం.

బండిలో ఉన్నది ఐదుగురు. స్టీరింగు దగ్గర మారుతి. పక్కన అతని భార్య సునంద, హిందూపురంలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. మధ్య సీట్లో సునంద తల్లి తిప్పమ్మ, ఒళ్లో చిత్రాన్నం డబ్బా. వెనక సీట్లో సునంద తండ్రి ఆదెన్న, కూతురు శశి. ఆదెన్నది మడకశిర పక్క పల్లె. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గొర్రెల వెంట నడిచిన మనిషి. మందను ఊళ్లో ఇంకో కాపరి జయచంద్రకు అప్పజెప్పి ఇన్ని రోజులు ఊరు విడిచి పోవడం ఆయనకు ఇదే మొదలు. పోయేది నెల్లూరు కింద సముద్రం ఒడ్డుకు. సరుగుడు తోపుల అవతల, చుట్టుపక్కల ఊరన్నది లేని చోట ఉన్న రిసార్టు అది.

ఆ రిసార్టులో ఒక మనిషి నిన్ననే దిగాడు. ఆదెన్న తమ్ముడు కుళ్లాయప్ప. అన్నదమ్ములకు మాటలు లేవు. ఒకే ఊళ్లో ఉంటూ, ఒకే చెరువుకు చెరో గట్టున మందలు తోలుకుంటూ, సునంద చిన్నప్పటి నుంచీ మాటలు లేవు. ఇద్దరినీ ఒక చోటికి రప్పించింది సునంద. ఆ సంగతి మారుతికి తప్ప ఎవరికీ చెప్పలేదు. అన్న వస్తున్నట్టు తమ్ముడికి తెలియదు, తమ్ముడు అక్కడున్నట్టు అన్నకు తెలియదు. దారిలోనే తెలిస్తే తండ్రి బండి దిగి ఇంటి దారి పడతాడని ఆమె భయం.

ఇంక ‘మే’ దగ్గరికి వద్దాం. ఆ శబ్దం వచ్చిన వెంటనే శశి దగ్గింది.

“ఏం పాపా, దగ్గా?” అన్నాడు మారుతి అద్దంలో చూస్తూ.

“ఊఁ నాయనా.”

“ఇంకొకసారి దగ్గు, విందాం.”

శశి దగ్గింది. దగ్గు దగ్గులాగానే ఉంది. దాని వెనకే మళ్లీ ‘మే’ అని వినిపించింది. అప్పుడు శశి నోరు మూసుకునే ఉంది.

తిప్పమ్మ వెనక్కి తిరగలేదు. “నాకు మడకశిర దాటకముందే వాసన వచ్చినాది. మీ మామ కంబళి వాసన అనుకుంటి. రెండిటికీ తేడా యాడుండాది?” అంది అల్లుడితో.

మారుతి బండిని పక్కకు తీసి చింతచెట్టు నీడలో ఆపాడు. దిగి వెనక తలుపు తెరిచాడు. ఆదెన్న ఒళ్లో కంబళి, కంబళిలోంచి రెండు చెవులు, ఒక ముక్కు.

“ఏంది మామా ఇది?”

“గొర్రెపిల్ల.”

“అది కనపడతాండాది. రిసార్టులో కుక్కను గూడా రానీమని ముందే చెప్పినారు మామా.”

“కుక్కను తేలేదు కదప్పా.”

మారుతి భార్య వైపు చూశాడు. సునంద నవ్వు ఆపుకుంటూ దిగింది. “ఏసీ చలి పడదని కంబళి కప్పుకుంటివి చూడు నాయనా, అప్పుడే అనుకోవాల్సింది నేను,” అంది.

“చలే. దీనికి,” అన్నాడు ఆదెన్న.

పిల్లను నేల మీదికి దించాడు. అది వణికే కాళ్లతో నిలబడి, చెట్టు కిందున్న వాళ్లందరినీ ఒకసారి చూసి, తోక ఎత్తి అక్కడే పోసింది. శశి చప్పట్లు కొట్టింది. ఆదెన్న సంచిలోంచి పాలసీసా తీశాడు. పిల్ల మోకాళ్ల మీద వంగి పాలపీక అందుకుంది.

“ఏమే శశీ, అది నీ పాలసీసా కాదూ?” తిప్పమ్మ బండిలోంచి దిగింది. “నా మనవరాలిదని అటకమీద దాచిపెట్టుకుంటి. దీని నోట్లో పెట్టినారా?”

“నేనే తీసిచ్చినా అవ్వా. తాత అడిగినాడు.”

“అడుగుతాడు. నన్ను పెండ్లి చేసుకున్నప్పుడు గూడా నాకంటే ముందు మా ఇంటి మేకను చూసి బాగుండాదన్నాడు.”

“బాగుండె,” అన్నాడు ఆదెన్న పిల్ల మీంచి చూపు తిప్పకుండా.

సునంద కూడా వంగి కూర్చుంది. అమ్మ చచ్చిన పిల్లయి ఉంటుంది, చేతి పాలకు మరిగింది కాబట్టి వదిలి రాలేకపోయి ఉంటాడు, అంతే అనుకుంది. నుదుటి మీద చెయ్యి వేసి నిమిరింది. చెయ్యి కుడి చెవి మీదికి జారింది. అక్కడ ఆగింది.

చెవి కింది అంచున ఒక గాటు ఉంది. అంచు ఇంకా పచ్చిగానే ఉంది.

గొర్రెల వాళ్లు పిల్ల చెవికి కత్తితో గుర్తు పెడతారు. చెరువు దగ్గరో బీళ్లలోనో మందలు కలిసిపోతే ఎవరివి వాళ్లు విడదీసుకోవడానికి. ఆదెన్న తండ్రి గుర్తు ఎడమ చెవి కొసన చీలిక. అన్నదమ్ముల మంద ఒకటిగా ఉన్నంత కాలం అదే గుర్తు. తర్వాత ఆదెన్నకు చెల్లెలు, కుళ్లాయప్పకు అక్క అయిన ఓబమ్మ ఇంట్లో చెప్పకుండా బళ్లారి పక్కన లారీ నడిపే ఒకతన్ని పెళ్లి చేసుకుంది. ఆ పేరు ఈ గడపలో ఎవరూ ఎత్తకూడదన్నాడు ఆదెన్న. పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు గొర్రెలు తోలడం ఆనవాయితీ. కుళ్లాయప్ప అన్నను అడగకుండా, ఉమ్మడి మందలోంచి ఆమెకు గొర్రెలు తోలి వచ్చాడు. ఆ వారంలోనే మందను పంచుకున్నారు. పెద్దవాడికి తండ్రి గుర్తు మిగిలింది. చిన్నవాడు కొత్త గుర్తు పెట్టుకున్నాడు. కుడి చెవి, కింది అంచు, ఒక గాటు.

సునంద పలక పట్టుకొని బడికి పోయే రోజుల్లో జరిగింది ఇదంతా. మేనత్త మొహం కూడా ఆమెకు సరిగా గుర్తు లేదు. గాటు మాత్రం గుర్తుంది. చెరువు అవతలి గట్టున మేసేవాటికి అది ఉంటుందని, వాటి జోలికి పోకూడదని చెప్పి పెంచారు.

ఇంకొకరి గుర్తున్న పిల్ల మన దొడ్డిలో కనిపిస్తే వెనక్కి తోలెయ్యాలి. తోలకుండా ఉంచుకుంటే దానికి ఒకటే పేరు. తండ్రి ఆ పని చేసే మనిషి కాదు. కానీ పిల్ల కళ్లెదుట ఉంది, కంబళి కింద దాచి తెచ్చాడు. అందరూ కలిసి దాన్ని బండిలో ఎక్కించుకొని పోతున్నది నేరుగా దాని సొంతదారు దగ్గరికి.

“నాయనా, ఇట్లా రా,” అంది. రోడ్డు పక్కన చెనక్కాయ చేను. విత్తనం వేసి మొలక రాక వదిలేసిన చేను. గట్టు మీద రాళ్లు పేర్చి ఉన్నాయి. ఆదెన్న పిల్లను చంకనేసుకొని వచ్చాడు.

“ఇది ఎవరిది?”

“నా చంకలో ఉండాది కదా.”

“చెవి చూసినా.”

ఆదెన్న గొంతు సవరించుకున్నాడు. “చూస్తావని తెలుసు. ల్యాబులో నెత్తురు చూసే ఉద్యోగమైతే మాత్రం గొర్రెలోళ్ల పిల్లవే గదా నువ్వు.”

“ఎట్లొచ్చినాది మన దొడ్డికి?”

“మొన్న మబ్బుతో, తెల్లారకముందే లేసి దొడ్డి కాడికి పోతి. కంప తీసి లోపల పెట్టి, మళ్ల కంప అడ్డమేసి పోయినాడు. పాత చొక్కాలో చుట్టి పెట్టినాడు. తల్లి సచ్చిన పిల్ల. మనిషి చేత్తో పట్టకుంటే బతకదు.”

“ఎవరు పెట్టినారు?”

“చెవి చూసినా అంటివి. మళ్ల నన్ను అడుగుతావేమే?”

“చిన్నాయన అని నీ నోటితో చెప్పు.”

“వాడు,” అన్నాడు ఆదెన్న.

సునందకు ఊపిరి వచ్చింది. దొంగతనం కాదు. కానీ తండ్రి మొహం చూస్తే మాట అక్కడితో అయిపోయినట్టు లేదు. ఆయన రాయి మీద కూర్చున్నాడు, పిల్లను ఒళ్లో పెట్టుకున్నాడు.

“వాడు మందను పక్క దొడ్డి గంగాధరప్పకు అప్పజెప్పి పోయినాడు. తిరపతికి అని ఊర్లో చెప్పినాడంట.”

“పోయుంటాడు నాయనా.”

“తల నీలాలిచ్చేదానికా? వాని తల మీద యాడుండాయి వెంట్రుకలు?”

సునంద నవ్వలేదు. తనే చెప్పమన్న అబద్ధం అది.

“గొర్రెలోడు మందను ఇడిసిపెట్టి పోయేది రెండిటికే. ఒకటి ఆసుపత్రి. రెండోది నేను చెప్పను,” అన్నాడు ఆదెన్న. “ఈ పిల్లను సాకేదానికి గంగాధరప్ప చాలడా? నా దొడ్డిలో ఏల పెట్టినాడు? తిరిగి వస్తాననే నమ్మకం ఉన్నోడు పెట్టే తావేనా అది?”

“నీకు అట్లెందుకు అనిపించినాది?”

“చూసినా కదా. ఈ ఎండాకాలమంతా చూసినా. చెరువు అవతల. పొద్దు వాలే యాలకు నడిచేటోడు నడిచినట్టే నిలబడతాడు. చెయ్యి ఇట్ల ఛాతీ మీద పెట్టుకుంటాడు. మంద ముందుకు పోతాంటే తల వంచుకోని ఆడనే నిలబడుంటాడు. పోయి అడుగుదామని ఒగ రోజు చెరువు మధ్య దాకా పోతి. నీళ్లు లేవు కదా, అడ్డమేముండాది. మళ్ల తిరిగొస్తి.”

పొద్దు వాలే వేళకు సునంద డ్యూటీ దిగుతుంది. బస్టాండుకు నడుస్తూ చిన్నాయనకు ఫోను చేస్తుంది. కుళ్లాయప్ప ఫోనును చొక్కా జేబులోనే ఉంచి, తల వంచి మాట్లాడతాడు.

“చెక్‌పోస్టు కాడ నన్ను దింపండి. బెంగుళూరు బస్సులు నిలబడతాయి ఆడ,” అన్నాడు ఆదెన్న. “పెద్దాసుపత్రులన్నీ తిరిగి చూస్తా. మీరు పాపకు సముద్రం చూపించుకోని రాండి.”

“పిల్లను?”

“నాతోనే. దానికోసమే కదా తెచ్చింది. వాని కండ్ల ముందర నిలబెట్టి, బతికినాది చూడు అని చెప్పాల.”

సునందకు ఇప్పుడు అర్థమైంది. సముద్రానికి రమ్మని ఎంత బతిమాలినా రానన్న మనిషి మొన్న పొద్దున ఉన్నట్టుండి వస్తానన్నాడు. కూతురి మాటకు కరిగాడని ఆమె మురిసిపోయింది. సముద్రం కాదు, బెంగుళూరు దారి ఆయనకు కావలసింది.

ఇక్కడ ఆమెకు రెండు దారులు ఉన్నాయి. నోరు మూసుకుంటే తండ్రి చంకలో గొర్రెపిల్లతో, బెంగుళూరు ఆసుపత్రుల గేట్ల దగ్గర, అక్కడ లేని మనిషి కోసం అడుగుతూ తిరుగుతాడు. నోరు విప్పితే ఇంటికి తిరుగుతాడు, ఇంకెప్పుడూ ఆమె మాట నమ్మడు. బండి దగ్గర నిలబడిన మారుతి వైపు చూసింది. మారుతికి ఏం వినిపించిందో గానీ, చెప్పు అన్నట్టు తల ఊపాడు.

“నాయనా, చిన్నాయన ఆసుపత్రిలో లేడు. సముద్రం కాడ ఉండాడు. మనం పోయే తావులోనే. నేనే రమ్మంటి.”

ఆదెన్న పిల్ల వీపు మీంచి చెయ్యి తియ్యలేదు. “ఛాతీ నొప్పి?”

“నొప్పి కాదు. జేబులో ఫోను. చేసేది నేనే.”

“ఎన్నాళ్ల నుంచి?”

“శశి పుట్టినప్పటి నుంచి.”

“ఒగ మాట చెప్పకపోతివే.”

“నువ్వు అడగకపోతివే.”

రోడ్డు మీద గ్రానైటు లారీ ఒకటి పోయింది. దుమ్ము లేచింది. తిప్పమ్మ చిత్రాన్నం డబ్బాతో గట్టు దాకా వచ్చి నిలబడింది. శశి చెయ్యి పట్టుకొని మారుతి కూడా వచ్చాడు.

“ఆ కరువు యేడు మీరిద్దరూ మందలు తోలుకోని తూర్పుకు పోయినారు కదా నాయనా,” అంది సునంద. “కోసిన వరి మళ్లలో మేపుకుంటా నెల్లూరు దాకా పోతిరి. సముద్రం ఇంక ఒగ రోజు నడక అనంగా, ఊర్లో వాన పడినాదని తెలిసి వెనక్కి తిరిగితిరి. నువ్వే చెప్పినావు. ఆ కథ చిన్నాయన గూడా నాకు చెప్పినాడు. ఇద్దరూ ఒగటే తావులో ఆపుతారు. అందుకే ఆడికి రమ్మంటి.”

“బండి తిప్పమను,” అన్నాడు ఆదెన్న.

తిప్పమ్మ డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది. “తిప్పేదైతే తిప్పండి. నేను ఆ పక్క నిలబడి ఏదన్నా బస్సు ఎక్కుతా. సముద్రం చూడకుండా ఇంటికి వచ్చేది లేదు. నీ పంతం నీది, నా దుడ్లు నావి.”

ఆదెన్న భార్య వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. “తిప్పే ముందర ఒగ పని చెయ్. వాడు బాగుండాడని నువ్వు చెప్తే నేనెట్ల నమ్మేది? ఇన్నేండ్లు దాచినదానివి. వాని గొంతు వినిపించు.”

సునంద ఫోను తీసింది. నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, గట్టు మీది రాళ్లపై ఉంచింది. రెండోసారి మోగగానే ఎత్తారు.

“సునందా, యాడికొచ్చినారమ్మా?” కుళ్లాయప్ప గొంతు అరుపులాగా వచ్చింది. దాని వెనక అలల చప్పుడు. “ఈడ నీళ్లు చూస్తాంటే కండ్లు తిరగతాండాయి. నోట్లో పోసుకుంటి. ఉప్పు! ఇన్ని నీళ్లు పెట్టుకోని ఒగ గొర్రె గూడా తాగేదానికి లేకపాయ.”

ఆదెన్న పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. మొహం మీద చెమటేమీ లేదు.

“చిన్నాయనా,” అని సునంద మొదలుపెట్టేలోపల పిల్ల ‘మే’ అంది.

అలలు మాత్రం వినిపించాయి.

“అది నా పిల్ల గొంతు,” అన్నాడు కుళ్లాయప్ప. “మీ నాయన దొడ్డిలో పెట్టి వస్తినే. నీ కాడికి ఎట్లొచ్చినాది? పాలు ఎవరు పడతాండారు దానికి?”

సునంద తండ్రిని చూసింది. ఆదెన్న ఫోను వైపు వంగాడు.

“నేను.”

పిల్లను ఒళ్లో సర్దుకున్నాడు.

“పొద్దున్నుంచి రెండు తూర్లు తాగినాది,” అన్నాడు ఆదెన్న. “కడుపు పారుకోవడం గూడా నిలిచిపోయినాది. బాగుండాది.”

“అన్నా,” అన్నాడు కుళ్లాయప్ప. తర్వాత అడిగాడు. “చెవి చూసినావా?”

“చూసినా. నీ గాటే.”

“అది కాదు. ఎడమ చెవి చూడు. నీకోసరం ఇడిసిపెట్టినా.”

ఆదెన్న పిల్ల ఎడమ చెవిని వేళ్ల మధ్యకు తీసుకొని కొస దాకా తడిమాడు. గుర్తేమీ లేదు. అక్కడ ఆయన చీలిక కూడా పడితే ఈ పిల్ల ఇద్దరిదీ అవుతుంది. మంద పంచుకున్న నాటి నుంచి ఇద్దరి గుర్తూ ఉన్న గొర్రె ఒక్కటి కూడా ఆ ఊళ్లో లేదు. ఆదెన్న కొయ్యకపోతే ఇది తమ్ముడి గొర్రెగానే పెరుగుతుంది. అడగడం వరకే కుళ్లాయప్ప పని.

ఆదెన్న మొలతాడుకు కట్టుకున్న కత్తి తీశాడు. రాయి మీద రెండు సార్లు నూరాడు.

“పాపా, దీని తల పట్టుకో.”

“నొప్పి తాతా,” అంది శశి.

“నీ చెవులు కుట్టించినప్పుడు ఊరంతా వినపడేట్టు ఏడిస్తివి నువ్వు. ఇది అంత చెయ్యదు చూడు.”

శశి పిల్ల తలను రెండు చేతులతో పట్టుకొని తన కళ్లు మూసుకుంది. బండి ఇంటికి తిరగదని సునందకు ఇప్పుడు నమ్మకం కలిగింది. ఆదెన్న చెవి కొసను మడిచి, కత్తి దగ్గరికి తెచ్చాడు.

రాళ్ల మీది ఫోనులోంచి ఇంకో గొంతు వచ్చింది. ఆడగొంతు. ఎక్కడో దూరం నుంచి నడిచి వస్తూ అడుగుతున్నట్టు ఉంది.

“ఎవరు కుళ్లాయప్పా? అన్న గొంతు మాదిరి ఉండాదే?”

సునంద ఆ గొంతు ఎరగదు. తను గది తీసుకున్నది చిన్నాయన ఒక్కడికే. మారుతి వైపు చూస్తే అతను భుజాలు ఎగరేశాడు. తల్లి వైపు చూసింది. తిప్పమ్మ పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. కదిలిన తీరును బట్టి సునంద ఆ పేరు చదువుకుంది.

ఓబమ్మ.

ఆదెన్న వేళ్ల మధ్య చెవి అలాగే ఉంది. కత్తి దానికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది.